కరకమలములచే ఆవిష్కరింపబడినది

ఎమ్మెల్యేగారికి నమస్కారాలు.

మీరు గెలిచి ఆర్నెల్లు దాటింది. శాలువాలు, గజమాలలు, క్రేన్లతో ఊరేగింపులు అన్నీ అయ్యాయి. ఇక నియోజకవర్గంలో మన గుర్తుగా ఏదో ఒకటి ఉండాలని మీరు అనుకుంటున్నట్టు మీ పీఏ చెప్పాడు. మంచి ఆలోచన. కానీ ఏం చేస్తారు? మంచినీళ్ల పైపులైను వేస్తే అది భూమిలోకి పోతుంది, జనం నీళ్లు తాగి మిమ్మల్ని మరిచిపోతారు. మురుగుకాలవ కడితే దాని పక్కన ముక్కు మూసుకోకుండా ఫొటో దిగడం కష్టం. బడికి ప్రహరీ కట్టించారనుకోండి, తెల్లారేసరికి దానిమీద ఎదుటి పార్టీవాడి పోస్టరు ఉంటుంది. అందుకని నా మాట విని విగ్రహం పెట్టించండి. అందులోనూ కంచుది. సిమెంటు బొమ్మలు సర్పంచులు పెట్టుకుంటారు, మీ స్థాయికి తగదు.

ఎవరి విగ్రహం అన్న దగ్గరే చాలామంది నాయకులు ఆగిపోతారు. అది తర్వాతి సంగతి. ముందు శిలాఫలకం తేలాలి. చీమకుర్తి నల్ల గ్రానైటు, నాలుగడుగులు బై మూడు. పైన ముఖ్యమంత్రివర్యుల పేరు, ఆ కింద ఇన్‌ఛార్జి మంత్రిగారు, తర్వాత ఎంపీగారు, తర్వాత మీరు. మీ పేరు నాలుగో వరసలో ఉన్నా అక్షరం సైజు ఒక్క పిసరు పెంచొచ్చు, అది నేను చూసుకుంటాను. జడ్పీ చైర్మన్ ముందా, మున్సిపల్ చైర్‌పర్సన్ ముందా అన్నది ప్రోటోకాల్ వాళ్లు తేల్చాలి. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అని నాలుగు రకాల అతిథులు ఉంటారు, ఎవరిని ఏ గదిలో వేసినా తక్కినవాళ్లు అలుగుతారు. ఇదంతా కొలిక్కి రావడానికి నెల పడుతుంది. ఇది తేలాక విగ్రహం ఎవరిదన్నది ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. ఎందుకంటే ఆ పలక మీద మహానుభావుడి పేరు వచ్చేది ఒక్కసారే, అదీ 'విగ్రహము' అన్న మాటకు ముందు. మిగిలిన గ్రానైటంతా బతికున్నవాళ్లది.

మీకు మీ నాన్నగారి విగ్రహం పెట్టాలని ఉంటుంది. ఉండొచ్చు, కొడుకన్నాక. కానీ మొదటి టర్మ్‌లో వద్దు. మొదట ఒక జాతీయ నాయకుణ్ని పెట్టండి, రెండోసారి గెలిస్తే ఆయన పక్కనే నాన్నగారిని నిలబెట్టండి. అప్పటికి జనానికి ఆ సెంటరులో దిమ్మెలు అలవాటైపోతాయి. పోయినవాళ్లలో ఉన్న సౌకర్యం ఏమిటంటే వాళ్లు పార్టీ మారరు. మనమే మార్చుకోవచ్చు. బతికుండగా ఆయన ఏ పార్టీని తిట్టాడో ఆ పార్టీ కండువా ఆయన మెడలో వేసినా కిక్కురుమనడు.

గోదావరి జిల్లాల్లో కాటన్ దొర బొమ్మ ఊరూరా ఉంది కదా, అలాంటిదేదైనా అని మీ పీఏ అన్నాడు. అది మనకు నప్పదండీ. అక్కడ నీళ్లు ముందొచ్చాయి, బొమ్మ తర్వాతొచ్చింది. మీరు ఆ వరస పాటించాలంటే ముందు నీళ్లు తేవాలి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టడానికి ఆయనకు పట్టింది కూడా ఐదేళ్లే, 1847 నుంచి 1852 దాకా. అయితే ఆయనకు మధ్యలో స్థానిక ఎన్నికలు లేవు.

ఇక ఎత్తు. ఇది మాత్రం శిల్పిని అడక్కండి. అతను వచ్చి సెంటరంతా తిరిగి, జనం ఎంత దూరంలో నిలబడి చూస్తారు, పొద్దున వెలుగు ఏ చెంప మీద పడుతుంది, వెనక హోర్డింగు ఎంతుంది అని ఏవో లెక్కలు వేసి పన్నెండడుగులు చాలంటాడు. వాళ్లకు చాదస్తం ఎక్కువ. ఈ రోజుల్లో ఎత్తు శిల్పశాస్త్రంలోంచి రాదు, జనరల్ నాలెడ్జి పుస్తకంలోంచి వస్తుంది. గుజరాత్‌లో సర్దార్ పటేల్ విగ్రహం 182 మీటర్లు ఎందుకుంది? ఆ రాష్ట్ర అసెంబ్లీలో సీట్లు 182 గనక. హైదరాబాదులో అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులు ఎందుకుంది? 2016లో ఆయన 125వ జయంతి వచ్చింది గనక. అమరావతిలో శాఖమూరు దగ్గర ఒక ప్రభుత్వం ఆయనకే విగ్రహం తలపెట్టింది, అదీ 125 అడుగులే. తర్వాత ప్రభుత్వం వచ్చి అది కాదని విజయవాడ స్వరాజ్ మైదానంలో పెట్టింది. అన్నీ మార్చారు, స్థలం మార్చారు, డిజైను మార్చారు, అంకె మాత్రం ముట్టుకోలేదు. హైదరాబాదు విగ్రహానికి శంకుస్థాపన 2016 ఏప్రిల్ 14న జరిగితే ఆవిష్కరణ 2023 ఏప్రిల్ 14న జరిగింది. అప్పటికి అది 132వ జయంతి. ఆలస్యానికి కూడా ఏడాదికో అడుగు చొప్పున కలపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఖజానా అదృష్టం.

అన్నిటికంటే నన్ను కదిలించిన లెక్క పొట్టి శ్రీరాములుగారిది. ఆయన 1952లో 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం వదిలారు గనక అమరావతిలో 58 అడుగుల విగ్రహం పెడతామని ప్రకటించారు. రోజుకో అడుగు. మెతుకు ముట్టకుండా పోయిన మనిషికి ఆకలిని అడుగుల్లో కొలిచి ఇస్తున్నాం. ఆ రోజుల్లో ఢిల్లీలో ఉన్నవాళ్లు ఇరవయ్యో రోజున మేలుకుని ఉంటే మనిషి బతికేవాడు. విగ్రహం మాత్రం ఇరవై అడుగుల దగ్గర ఆగిపోయేది, అందుకే కాబోలు తొందరపడలేదు.

సరుకు సంగతికి వద్దాం. కంచు అంటే మీరు గుడి గంట కంచు అనుకోకండి. పెద్ద విగ్రహాలకు పోసే మిశ్రమంలో రాగి నూటికి 85 పాళ్లు, మిగతా పదిహేను తగరం, సీసం, జింకు ఐదేసి చొప్పున పంచుకుంటాయి. ముందు మట్టితో నమూనా చేస్తారు. దానిమీద అచ్చు తీస్తారు. అచ్చు లోపల మైనం పూత పూస్తారు. మైనం బొమ్మ చుట్టూ మళ్లీ అచ్చు కట్టి కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన కంచు పోస్తారు. ఒకేసారి పోత రాదు, ముక్కలు ముక్కలుగా పోసి వెల్డింగు చేసి, అతుకులు కనపడకుండా ఆకురాయితో రాకుతారు. పని బాగా తెలిసినవాడు రాకితే భుజం దగ్గర అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు.

వీటిలో మీ పార్టీవాళ్లకు పని ఉండేది ఒక్క మట్టి నమూనా దగ్గరే. తెనాలిలోనో కొత్తపేటలోనో శిల్పి షెడ్డుకు మూడు కార్లలో వెళ్తారు. ఇలాంటి తనిఖీ ఒకటి నేను దగ్గరుండి చూశాను. తడిగుడ్డ తీయగానే మండల అధ్యక్షుడు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అన్నాడు:

"నవ్వు సరిపోలేదండీ."

శిల్పి పాత ఫొటోలు తీసి చూపించాడు. "ఆయన అసలు నవ్వేవారు కాదండీ. ఒక్క ఫొటోలో కూడా లేదు."

"అది అప్పుడు. ఇప్పుడు మన ప్రభుత్వం వచ్చింది కదా!"

పెదవి చివర పావంగుళం మట్టి పెట్టారు. తర్వాత పట్టణ అధ్యక్షుడు పొట్ట తగ్గించమన్నాడు. మహిళా విభాగం ఆవిడ జుట్టు ఒత్తు చేయమన్నారు. మనవడి వరసయ్యే కుర్రాడొకడు ముక్కు తమ తాతది కాదని తేల్చేశాడు. అప్పుడు అసలు గొడవ చెయ్యి దగ్గర మొదలైంది. అరచెయ్యి ఎత్తితే ఒక పార్టీ గుర్తు. రెండు వేళ్లు చూపితే ఇంకో పార్టీ ప్రచారం. పిడికిలి బిగిస్తే ఎర్రజెండా. చూపుడువేలు ఎత్తితే అంబేడ్కర్‌గారిది కాపీ కొట్టామంటారు. ఎలా పెట్టినా ఎవరో ఒకరి గుర్తవుతున్న ఆ చెయ్యిని చివరికి వెనక్కి కట్టించేశారు. ఊరు ఊరంతా తిరిగి పోరాడిన మనిషి ఇవాళ ఆ సెంటరులో చేతులు వెనక్కి పెట్టుకుని, క్యూలో నిలబడినవాడిలా ఉంటాడు.

ఇది చిన్న ఊళ్ల చాదస్తం అనుకోకండి. 2024 డిసెంబరు 9న తెలంగాణ సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లి కంచు విగ్రహం ఆవిష్కరించారు. పాత తల్లికి కిరీటం, నగలు, చేతిలో బతుకమ్మ ఉండేవి. కొత్త తల్లికి ఆకుపచ్చ చీర, ఒక చేతిలో పంటల కంకులు, ఇంకో చెయ్యి అభయమిస్తూ పైకి లేచి ఉంది. అది అభయహస్తమా, హస్తం గుర్తా అని రాష్ట్రమంతా వాదించుకుంది. బతుకమ్మ ఎటుపోయిందని ఒకరు, దొరసానిలా ఉన్న తల్లిని కూలి తల్లిని చేశామని ఇంకొకరు. ఇక మీదట తల్లి ఇలాగే ఉంటుందని, మరోలా చూపించకూడదని జీవో కూడా వచ్చింది. అమ్మ ఎలా ఉంటుందో పిల్లలకు జీవోలో చెప్పాల్సి రావడం మన రెండు రాష్ట్రాల్లో ఇదే మొదటిసారి అనుకుంటాను. జీవో అన్నది ఏ ప్రభుత్వమైనా ఇవ్వగలదు గనక ఆ తల్లికి ముందు ముందు ఎన్ని చీరలు మారతాయో చూడాలి.

మీకొక రహస్యం చెబుతాను. కంచు విగ్రహం లోపల డొల్ల. పైన కంచు మందం మిల్లీమీటర్లలోనే ఉంటుంది, లోపల నిలబెట్టేది ఉక్కు చట్రం. హైదరాబాదు అంబేడ్కర్ విగ్రహం బరువు 474 టన్నులు. అందులో ఉక్కు 360, కంచు 114. అంటే బయటికి మెరిసేది పావు వంతు, బరువు మోసేది ముప్పాతిక, మోసేది ఎవరికీ కనపడదు. మీ పార్టీ కూడా అలాగే నడుస్తుంది గనక ఇంకా వివరించను.

పోత ఎక్కడ పోయించాలో కూడా ఆలోచించుకోండి. మనవాళ్లకు పని ఇవ్వాలన్న పట్టింపు పెద్దలకే లేదు. పటేల్ విగ్రహానికి ఊరూరా రైతుల దగ్గర పాత ఇనుము పోగుచేశారు, పైన తొడిగిన కంచు పలకలు మాత్రం చైనాలో పోయించి తెచ్చారు. హైదరాబాదు శివార్లలో ముచ్చింతల్ దగ్గర 216 అడుగుల రామానుజాచార్యుల పంచలోహ విగ్రహం ఉంది, 2022 ఫిబ్రవరి 5న ప్రధానమంత్రి ఆవిష్కరించారు. అదీ చైనా కంపెనీ చేసి పంపిందే. విగ్రహం పేరు ఐక్యత అయినా సమత అయినా అచ్చు మాత్రం అక్కడిదే. సరిహద్దులో సైనికులు ఎదురెదురుగా నిలబడి ఉంటే ఓడల్లో మన మహానుభావులు ముక్కలుగా దిగారు.

స్థలం గురించి మీరు బెంగపెట్టుకోవద్దు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు ఏ రాష్ట్ర ప్రభుత్వమూ అనుమతి ఇవ్వకూడదని. అందుకే మనం అనుమతి అడగం. అడిగితే కదా ఇవ్వకూడనిది! ముందు ఒక శనివారం రాత్రి దిమ్మె కడతారు. ఎవరు కట్టారంటే ఎవరూ చెప్పరు. పది రోజులు దానిమీద ఆటోవాళ్లు కూర్చుంటారు, ఊరికి అలవాటవుతుంది. తర్వాత ఇంకో శనివారం రాత్రి విగ్రహం వెలుస్తుంది. వెలిసింది అనే పేపర్లు కూడా రాస్తాయి, తిరుమల వెంకన్నకు రాసినట్టే. ఆదివారం కోర్టుకు సెలవు. సోమవారానికి మెడలో దండ పడి ఉంటుంది. దండ పడ్డ విగ్రహాన్ని ముట్టుకుంటే శాంతిభద్రతల సమస్య అవుతుందని పోలీసులే కమిషనర్‌కు చెబుతారు. ఆ పైన ఏ రోడ్డు విస్తరణ వచ్చినా రోడ్డే వంకర తిరుగుతుంది.

దీనివల్ల ఒక ప్రయోజనం లేకపోలేదు. షేర్ ఆటోలకు స్టాపు దొరుకుతుంది. నెల్లూరులో గాంధీబొమ్మ సెంటర్ అంటే తెలియనివాళ్లు లేరు. అక్కడ చీరలు కొంటారు, చెప్పులు కొంటారు, ఇరుక్కున్న ట్రాఫిక్‌ను తిడతారు. మన విగ్రహాల్లో ఇంతగా జనానికి పనికొచ్చినవి తక్కువ. మీరు ఫలకం మీద 'మహనీయుని కాంస్య విగ్రహము' అని ఎంత చెక్కించుకున్నా, ఆటో దిగేవాడు 'బొమ్మ దగ్గర ఆపు' అనే అంటాడు, కోప్పడకండి.

ఆవిష్కరణ నాడు రెండు జాగ్రత్తలు. ఒకటి, ముసుగు. పార్టీ రంగు సిల్కు గుడ్డ కప్పుతారు, తాడు లాగితే జారాలి. అది తప్పకుండా కళ్లద్దాలకు తట్టుకుంటుంది. మంత్రిగారు మూడుసార్లు లాగుతారు, నాలుగోసారి వెనకనుంచి ఎవడో దిమ్మె ఎక్కి కర్రతో ఎత్తుతాడు, ఆ కర్రే మర్నాడు పేపరులో పడుతుంది. కాబట్టి ముందురోజు రిహార్సల్ పెట్టండి. రెండు, దండ. పన్నెండడుగుల విగ్రహమైతే నిచ్చెన వేసి మీ చేత్తో మీరు వెయ్యొచ్చు. 125 అడుగుల మనిషికి ఎవరు దండ వేస్తారు? హైదరాబాదులో హెలికాప్టరుతో పూలు చల్లారు. ఎంత ఎత్తున నిలబెడితే అంతగా ఆయన ఎవరి చేతికీ అందడు. ముఖం ఎలా ఉందో కాకులకే తెలియాలి. కింద నిలబడిన మనకు కనపడేది ఆయన బూటు, మీ ఫ్లెక్సీ.

శిల్పి ఆ రోజు వస్తాడు. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టండి. చివర్లో ఒక శాలువా కప్పేస్తే మిగతా బిల్లు గురించి ఆ రోజుకు అడగడు. అతని పేరు ఫలకం మీద వేయాలా అని నన్నెవరూ ఇంతవరకు అడగలేదు, మీరూ అడగరు.

విగ్రహం అసలు జీవితం ఆ మర్నాడు మొదలవుతుంది. కంచు ఆరుబయట ఉంటే పైన ముదురు గోధుమరంగు పొర కడుతుంది. నిజానికి శిల్పి రసాయనాలు పూసి, మంటతో వేడిచేసి ఆ రంగును ముందే పట్టించి ఇస్తాడు. అది మురికి కాదు, లోహానికి కవచం. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి పచ్చ చిలుము వస్తుంది గనక అప్పుడప్పుడు మంచినీళ్లతో, ఘాటు లేని సబ్బుతో కడిగి, తుడిచి, పలచగా మైనం పూస్తే చాలు, తరాలు నిలుస్తుంది. ఇంత సులువైన పని మనం ఎందుకు చేస్తాం? జయంతికి రెండు రోజుల ముందు మున్సిపాలిటీ మనిషి ఒకడు నిచ్చెన, బ్రష్షు, అర లీటరు బంగారు రంగు పెయింటు పట్టుకుని వస్తాడు. ముఖానికి బంగారం, జుట్టుకు నలుపు, కళ్లద్దాలకు నలుపు, పెన్ను క్యాపుకు ఎరుపు. సాయంత్రానికి మీ కంచు విగ్రహానికీ పక్క ఊరి సర్పంచు పెట్టిన సిమెంటు బొమ్మకూ తేడా కనిపెట్టడం దేవుడి వల్ల కూడా కాదు. మీరు లక్షలు ఖర్చుపెట్టి తెచ్చిన 85 పాళ్ల రాగిని చూసినవాడు ఆ పెయింటరే ఆఖరివాడు. ఆ పైన పాలాభిషేకం. పాలు ఎండి చారలు కడతాయి, చీమలు పడతాయి, వచ్చే జయంతికి మళ్లీ పెయింటు.

మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చిందంటే మళ్లీ ముసుగు. 2012లో ఉత్తరప్రదేశ్ ఎన్నికలప్పుడు మాయావతిగారి విగ్రహాలకూ, ఆమె పార్టీ గుర్తయిన ఏనుగుల విగ్రహాలకూ ఎన్నికల సంఘం ముసుగులు కప్పించింది. ముసుగు కప్పిన ఏనుగు మాత్రం ఏనుగులా కాక ఇంకెలా ఉంటుంది? మన దగ్గరా కోడ్ రాగానే విగ్రహాలకు గోనెపట్టాలు, పాత ఫ్లెక్సీలు చుడతారు. ఓ మహానుభావుడి ముఖాన ఎరువుల కంపెనీ పాత ఫ్లెక్సీ తిరగేసి చుట్టగా చూశాను.

ఇంతవరకూ మీరు అధికారంలో ఉన్నప్పటి మాట. దిగిపోయాక ఏమవుతుందో కూడా చెప్పడం నా ధర్మం. 1986లో ఎన్టీఆర్ హుస్సేన్‌సాగర్ ట్యాంక్‌బండ్ మీద 33 కంచు విగ్రహాలు వరసగా నిలబెట్టారు. తెలుగు వెలుగులన్నీ ఒకచోట ఉండాలన్న ఆలోచన మంచిదే. అయితే ఆ జాబితాలో తమవాళ్లు ఎందరున్నారని తెలంగాణ అడగడం మొదలుపెట్టింది, న్యాయంగానే అడిగింది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు ఆ కోపం విగ్రహాల మీద విరుచుకుపడింది. కొన్ని విరిగాయి, కొన్ని సాగర్‌లో పడ్డాయి. జాబితా రాసినవాళ్లు పక్షపాతం చూపితే శిక్ష పడింది శ్రీశ్రీకి, జాషువాకు. బతికున్నన్నాళ్లూ అవమానాలు తిన్న జాషువాను చచ్చాక కూడా వదల్లేదు. ఆ జాబితా రాసినవాళ్లెవరికీ ఆ రోజు గీత కూడా పడలేదు. తర్వాత కొత్తవి పోయించి మళ్లీ నిలబెట్టారు. వాకింగుకు వచ్చేవాళ్లను ఆపి ఆ ముప్పై ముగ్గురిలో ఆరుగురి పేర్లు చెప్పమనండి చూద్దాం.

సచివాలయం ఎదుట 2024 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ విగ్రహం పెడితే, ఆ చోటు తెలంగాణ తల్లికి అనుకున్నదని, తాము తిరిగి అధికారంలోకి రాగానే దాన్ని అక్కణ్నుంచి తీసేస్తామని ప్రతిపక్షం ముందే చెప్పేసింది. అంటే విగ్రహానికి ఆవిష్కరణ తేదీతో పాటు తొలగింపు ముహూర్తం కూడా ఒకేసారి పెడుతున్నారు. దిమ్మె కట్టేటప్పుడే క్రేను వచ్చే దారి వదిలిపెట్టడం మంచిదని నా సలహా.

మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో చిన్న అంబేడ్కర్ బొమ్మల సంగతి వేరు. నీలం కోటు, చేతిలో పుస్తకం, ఎత్తిన వేలు. సిమెంటుదే. దాని ఫలకం చెక్కించుకోవడానికి కుర్రాళ్లు వస్తారు. పలక చిన్నది, పేర్లు మాత్రం చాలా. రెండు వందలు ఇచ్చిన కూలి పేరు, ఐదు వందలు ఇచ్చిన కండక్టరు పేరు, గల్ఫ్‌లో ఉండి పంపిన వాడి పేరు. ఒక్కటీ వదలకూడదంటారు, ఒత్తు తప్పితే మళ్లీ చెక్కిస్తారు. ఎవరైనా రాత్రి వచ్చి చెప్పుల దండ వేస్తారేమోనని వంతులు వేసుకుని కాపలా కాస్తారు. 125 అడుగుల ఆయనకు కాపలాగా సర్కారు హోంగార్డులు ఉంటారు, ఈయనకు ఊరు ఉంటుంది. వాళ్ల దగ్గర అక్షరం రేటు నేను సగమే తీసుకుంటాను. ఈ మాట బయట చెప్పకండి, మీవాళ్లూ అడుగుతారు.

మీరు పెట్టబోయే విగ్రహానికి కూడా ఒక ఉద్యోగం దొరక్కపోదు. అంగన్‌వాడీలు, కాంట్రాక్టు లెక్చరర్లు, పారిశుధ్య కార్మికులు మీ ఆఫీసుకు వస్తారు. మీరు ఊళ్లో ఉండరు. ఆర్డీవోగారు మీటింగులో ఉంటారు. అప్పుడు వాళ్లు ప్లకార్డులు పట్టుకుని తిన్నగా సెంటరుకు పోయి విగ్రహానికి వినతిపత్రం ఇస్తారు. మన దగ్గర ఇది మామూలే, పేపర్లో ఫొటో కూడా వస్తుంది. ఆయన చేతులు కూడా అప్పటికి వెనక్కే కట్టి ఉంటాయి గనక కాగితం కాళ్ల దగ్గర రాయి కింద పెట్టి వెళ్తారు. ఆయన చూస్తామనడు, పరిశీలిస్తామనడు, పైకి పంపామనడు. ఈ ఒక్క విషయంలో ఆయన మీకంటే నిజాయితీపరుడు.

చివరగా నా సంగతి. విజయవాడలో 81 అడుగుల పీఠం, దానిమీద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, మొత్తం 206 అడుగులు, పార్కు, మ్యూజియం, హాలు కలిపి 404 కోట్ల ఖర్చు. 2024 జనవరి 19న ఆవిష్కరించారు. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. ఆగస్టులో ఒక రాత్రి ఎవరో వచ్చారు. అంత ఎత్తు మనిషిని వాళ్లు తలెత్తి చూశారో లేదో తెలియదు. సుత్తులు తెచ్చుకుని, అక్కడున్న అక్షరాల్లో మాజీ ముఖ్యమంత్రి పేరును మాత్రం ఊడదీసి పోయారు. నూట ఇరవై టన్నుల కంచుకు గీత పడలేదు. నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే. గొడవ ఎప్పుడూ ఫలకం దగ్గరే.

కాబట్టి అంటించే స్టీలు అక్షరాలు వద్దు, రాతిలోకి చెక్కించుకోండి. మీకు ముందున్న ఎమ్మెల్యేగారి ఫలకాలన్నీ చెక్కింది నేనే. మొన్న మీవాళ్లు పీకేసిన పలకలు మున్సిపల్ గోడౌను వెనక పడి ఉన్నాయి, పోయి చూసొచ్చాను. అసలైన చీమకుర్తి రాయి, ఎక్కడా పగుల్లేదు. వెనకవైపు పాలిష్ పెట్టి మీ పేరు చెక్కితే రాయి ఖర్చు పూర్తిగా మిగులుతుంది. ఆయన పేరు గోడలోపలికి పోతుంది, మీ పేరు బయటికి వస్తుంది. రేపు ఆయన మళ్లీ గెలిచినా కొత్త రాయి అక్కర్లేదు, తిప్పి పెడితే సరి. కొటేషను జతచేశాను. అక్షరం లెక్కన రేటు, ఒత్తులకు విడిగా తీసుకోను, 'గౌరవనీయులైన' అన్న మాట మాత్రం రెండు పదాల కింద లెక్కేస్తాను. సగం అడ్వాన్సు. జీఎస్టీ అదనం.